గుర్రం పరిగెత్తినంత దూరం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా బావ ఫోన్ చేశాడు. మేనమామ కొడుకు. ఆయన ఫోన్ చేసేది ఎవరైనా పోయినప్పుడే. అందుకే గొంతు వినగానే, "ఎవరు బావా?" అని అడిగాను.

"ఎవరూ కాదే. నా కూతురు."

"ఏమైంది దానికి?"

"ఇస్కూలుకు పోనంటుండాది."

మనిషి బతికే ఉందని తెలిశాక నాకు కోపం వచ్చింది. ఇంత మాట చెప్పడానికి అంత గొంతు ఎందుకు? కానీ బావ గొంతు మారలేదు.

"పదో క్లాసే అది. జతగత్తెలు ఇద్దరు నూలుమిల్లు వేనెక్కి పోయినారు. ఇబుడు వాళ్ళ చేతుల్లో కొత్త ఫోన్లు. రేపు కాదు, పై సోమవారం వేను మళ్ళీ వస్తాదంట, ఇది కూడా ఎక్కుతానంటాది. వద్దు పాపా అంటే, 'నువ్వు ముగించినావా నాయనా?' అని అడుగుతాది. ఏం చెప్పేది నేను?"

"నిజం చెప్పు."

"నా నోటితో చెప్పలేకనే నిన్ను పిలుస్తుండాను. నువ్వు వచ్చి ఆ కాయితం సదువు."

ఆ కాగితం అనగానే నాకు యాలకుల వాసన వచ్చింది. నేను ఉండేది కోయంబత్తూరులో, మోటారు పంపుల కంపెనీలో కూర్చుని డ్రాయింగులు గీస్తాను. అక్కడ గ్రీజు వాసన తప్ప మరొకటి రాదు. అయినా వచ్చింది. శనివారం బస్సెక్కాను.

దిండిగల్‌లో బస్సు మారాను. తేని దాటాక పక్క సీటు ముసలాయన కిటికీ తెరిచాడు. కొండ గాలి లోపలికి వచ్చింది, దానితోపాటు నా పద్నాలుగో ఏడు కూడా టికెట్టు లేకుండా ఎక్కి కూర్చుంది.

*

మా అమ్మ అప్పట్లో బోడినాయకనూరులో ఒక యాలకుల గోడౌనులో పని చేసేది. కొండ మీది తోటల నుంచి దిగిన కాయల తొడిమలు తుంచి, జల్లెడ పట్టి, పచ్చవి ఒక పక్క, వెలిసినవి ఒక పక్క, పగిలినవి ఒక పక్క పోసే పని. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చీర, జుట్టు, గోళ్ళు, కోపం అన్నీ ఒకే వాసన వేసేవి. మా ఇంట్లో పాయసం వండిన రోజులు తక్కువ. పాయసం వాసన లేని రోజు మాత్రం లేదు. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల, మేం రోజూ పండగ చేసుకుంటున్నామని చాలా ఏళ్ళు నమ్మింది. నేను కాదనలేదు.

నాన్న కొండ మీద తోటలో ఉండేవాడు. వారానికోసారి దిగేవాడు, దిగిన రోజంతా నిద్రపోయేవాడు. కాబట్టి ఈ కథలో ఆయనకు మాటలు లేవు.

మా వీధి బోడికి నడిచిపోయేంత దూరంలో, కొండ కింద ఉండేది. ముప్పై ఇళ్ళు, అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. ఎప్పుడో ఏ రాజులతోనో దండుగా దిగినవాళ్ళమని పెద్దలు చెప్పేవారు. రాజులు పోయారు, దండు పోయింది, మాట మిగిలింది. ఇంట్లో తెలుగులో తిట్టుకునేవాళ్ళం, అంగట్లో తమిళంలో బేరమాడేవాళ్ళం, స్కూల్లో తమిళంలో తన్నులు తినేవాళ్ళం. తెలుగుకు అక్షరాలు కూడా ఉంటాయని నాకు చాలాకాలం తెలియదు. అది నోటితో చేసే పని అనుకున్నాను, ఈల వేసినట్టు.

అక్షరాలు ఉన్నాయనడానికి మా వీధి మొత్తంలో ఒకటే సాక్ష్యం ఉండేది. అది మా మామ ఇంట్లో, సామి పెట్టెలో ఉండేది.

సామి పెట్టె అంటే పూర్వీకుల వస్తువులు దాచిన పాత చెక్కపెట్టె. ఇంటి పెద్దకొడుకే దాన్ని ఏడాదికోసారి, మాసి నెలలో, శివరాత్రి ప్రాంతంలో, కులదైవం మొక్కు రోజున తెరవాలి. ఆడవాళ్ళు ముట్టకూడదు. తాళంచెవి మాత్రం మా అవ్వ మొలలో ఉండేది. అవ్వ ఆడమనిషే కదా అని నేనొకసారి అడిగితే, "తాళంచెవి పెట్టె కాదు కదే" అంది.

మొక్కు రోజున వీధంతా మామ వాకిట్లో చేరేది. నానబెట్టిన పెసలు, బెల్లం పానకం, బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన దీపాలు. ఆ దీపాల నడుమ గుంటలో నెయ్యి పోసి వెలిగించేవారు. ఆరిపోయాక నల్లగా మాడిన ఆ నడిమి ముద్దే రుచి. ఇంకా వెలుగుతుండగానే బావా నేనూ చెరో పక్కనుంచి గిల్లుకుని తినేవాళ్ళం. ఒక ఏడాది మా ఆత్రానికి దీపం పక్కకు ఒరిగి, సామి కోపించాడని పెద్దలు మళ్ళీ మొక్కుకున్నారు. సామికి ఆ సంగతి తెలుసు. మమ్మల్ని పట్టించలేదు.

మామ తడిబట్టతో వచ్చి పెట్టె తెరిచేవాడు. కర్పూరం, పాత పసుపు, చెదలకు వేసిన వేపాకు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా లేచేది. లోపల ఒక తుప్పు పట్టిన కత్తి, ఒక వెండి కడియం, నాలుగు మడతల కాగితం. మామ కాగితం విప్పి, రెండు చేతులా ఎత్తి అందరికీ చూపేవాడు. గోధుమరంగు సిరా, గుండ్రటి అక్షరాలు. అందరం సాష్టాంగపడేవాళ్ళం. దానికి హారతి ఇచ్చి, అంచున పసుపు పూసి, మళ్ళీ మడిచి లోపల పెట్టేవాడు. ఎవరికీ చదవడం రాదు. చదవాలని ఎవరికీ తోచనూ లేదు.

చదవడం రాకపోయినా అందులో ఏముందో అందరికీ తెలుసు. మామ చెప్పేవాడు.

"రాజు మన తాతకు తాతను పిలిచి, 'నీ గుర్రాన్ని పొద్దున విడువు, మధ్యాహ్నం లోపల అది ఎంత దూరం పరిగెత్తితే అంత భూమి నీది' అన్నాడంట. గుర్రం ఆ నల్లబండ కాడి నుంచి వాగు దాకా పరిగెత్తింది. అదే ఈ కాయితం. ఇబుడు యాలక్కాయ తోటలుండాయి చూడు, ఆ కొండ సగం మనది."

ఆ గుర్రం ఏడాదికేడాది ఇంకొంచెం దూరం పరిగెత్తేది. నా చిన్నప్పుడు వాగు దాకా వెళ్ళి ఆగేది. వానలు తప్పిన ఏడాది వాగు దాటింది. నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి కేరళ సరిహద్దులో ఉంది.

అమ్మ మాత్రం చేట వదలకుండా అనేది. "ఆ గుర్రం ఎంతదూరం పోయినా సరి అన్నా, దాని వెనక పేడ ఎత్తింది నేనే."

*

ఆ ఏడాది మొక్కు ముగిశాక, పానకం గ్లాసు చేతిలో పట్టుకుని మామ ఒక ప్రకటన చేశాడు. త్వరలో కాగితాన్ని పెద్ద ఊరికి తీసుకుపోయి భూమి అడుగుతాడట. కొడుకు తోడు కావాలట. "భూమి చూసుకోవాల్సినోడికి పరీక్ష ఎందుకు? రాజు బిడ్డలకు గుమాస్తా సదువా?" అని బావను పదో తరగతి మాన్పించాడు. పబ్లిక్ పరీక్షలకు ఇంకా నెల కూడా లేదు.

వీధి మురిసిపోయింది. అందరికన్నా నేను ఎక్కువ మురిశాను, నా కారణాలు నాకున్నాయి. ఒకటి, అరసంవత్సరం లెక్కల పరీక్షలో నాకు పద్దెనిమిది మార్కులు. రెండు, మేనరికం ప్రకారం నన్ను బావకిచ్చి చేస్తారని నేను పుట్టిన రోజే మాట అయిపోయింది. బావ భూస్వామి అయితే నేను భూస్వామి పెళ్ళాం. భూస్వామి పెళ్ళానికి త్రికోణాల వైశాల్యం దేనికి? భూమి చతురస్రంగా ఉన్నా గుండ్రంగా ఉన్నా మనదే కదా.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. "మా, నేను కూడా ఇస్కూలు నిలిపేస్తుండాను."

కొడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని ముందే గుమ్మం దగ్గర నిలబడ్డాను, పారిపోవడానికి. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, "సరి. రేపు పొద్దున నాతో దా. భూమి వచ్చేదాకా ఇంట్లో కూచుంటే కాళ్ళు మొద్దుబారుతాయి" అంది. అంతే. అంత పెద్ద తిరుగుబాటు చేస్తే శత్రువు యుద్ధానికే రాలేదు.

గోడౌనులో నలభైమంది ఆడవాళ్ళు రెండు వరసలుగా కూర్చుని ఉండేవారు. నేను అడుగుపెట్టగానే ఒక పెద్దావిడ, "జరగండమ్మా జరగండి, కొండ సొంతగత్తె వచ్చింది" అంది. వార్త నాకన్నా ముందే వచ్చింది. ఇంకొకావిడ, "మా కూలి కొంచం పెంచు తల్లీ, నీ కాయలే కదా" అంది. మొదటి రోజు నవ్వాను. రెండో రోజు వేళ్ళ చివర్లు మండాయి. మూడో రోజు కళ్ళలోకి పొట్టు పోయి తుమ్ములు. పదో రోజుకు యాలకుల వాసనే తెలియకుండా పోయింది. అదే నాకు భయం వేసింది. పాయసం వాసన కూడా తెలియని భూస్వామిని అయిపోతున్నాను. కానీ నోరు విప్పితే ఓడిపోయినట్టు. కాబట్టి తుంచాను, జల్లించాను, తుమ్మాను.

నా పక్కన నాకన్నా ఏడాది పెద్దదైన ఒక పిల్ల కూర్చునేది. తొందరగా తుంచేది, చూడకుండానే. ఒకరోజు, "నువ్వు ఎన్ని దినాలకు వచ్చినావు?" అని అడిగింది. "కొన్ని దినాలకే" అన్నాను. "నేను కూడా" అంది. తరవాత తెలిసింది, ఆమె వచ్చి నాలుగేళ్ళయింది.

*

మూడో వారంలో ఆంధ్రా నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు. తెల్లచొక్కా, కళ్ళజోడు, చంకలో మడిచిన పేపరు. కాయలు అరచేతిలో పోసుకుని నలిపి వాసన చూస్తూ వరసల మధ్య నడిచాడు. నేను తుమ్మితే అమ్మ తెలుగులో తిట్టింది. ఆయన ఆగిపోయాడు.

"ఏమండీ, మీరు తెలుగువాళ్ళా?"

"ఆమా. తెలుగే మాట్లాడేది మేము."

"భలే ఉందే మీ మాట! మా తాతమ్మ మాట్లాడినట్టుంది."

అమ్మకు అప్పుడు ముప్పై అయిదేళ్ళు. తాతమ్మను చేసినందుకు మొహం ముడుచుకుంది. కానీ ఆమె కళ్ళు ఆయన చంకలోని పేపరు మీదే ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. అచ్చం పెట్టెలోని కాగితం మీద ఉన్నట్టే.

"ఇది సదవను వస్తాదా మీకు?"

ఆయన నవ్వాడు. "వస్తుందనే కొంటున్నానమ్మా."

"రేపు వస్తారా?"

"రేపు మధ్యాహ్నం దాకా ఉంటాను. ఎందుకు?"

అమ్మ మళ్ళీ చేట అందుకుంది. ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికి కాకుండా మామ ఇంటికి నడిచింది. నేను వెనకే. మామా బావా లేరు. అవ్వ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అమ్మ ఆమె పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "మా, ఆ కాయితం ఒక్క పూటకు కావాలి" అంది.

అవ్వ చేట ఆపింది. కొంచెంసేపు నా వైపు చూసింది, నా వేళ్ళ వైపు చూసింది. తరవాత మొలలోంచి తాళంచెవి తీసి గడప మీద పెట్టింది.

"నాకు కండ్లు కనపడవు అమ్మీ. తాళంచెవి ఎక్కడ పెట్టినానో ఏమో" అని మళ్ళీ బియ్యంలోంచి ఆవగింజంత రాయి ఏరి పారేసింది.

అమ్మ పెట్టె మూత ఎత్తింది. పిడుగు పడుతుందని నేను ఇంటికప్పు వైపు చూశాను. బల్లి కూడా పలకలేదు.

మర్నాడు కాగితం టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో ప్రయాణం చేసింది, కింద గిన్నెలో సజ్జ సంగటి. మధ్యాహ్నం అన్నం వేళ గోడౌను వెనక, మూటల పక్కన, కొనుగోలుదారు టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని, కాగితం ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పాత రాతండీ. మెల్లగా చదువుతాను" అని మొదలుపెట్టాడు.

"అయ్యవారి సముఖానకు దణ్ణములు. ఇక్కడ మేమందరము క్షేమము. మా వీధిలో పిల్లకాయలు పదహారు మంది ఉన్నారు. అందరికీ మన మాట నోట ఉన్నది, చేత లేదు. నా కండ్లు మసకబారినవి. నా తరువాత ఈ అక్షరము చదువువారు ఇక్కడ ఒక్కరును లేరు. తాము ఒక పంతులును పంపించవలెను. రెండు పూటల అన్నము, పండుకొనుటకు మా తిన్నె, ఏడాదికి రెండు జతల బట్టలు ఇచ్చుకొనగలము. ఆలస్యము చేయవద్దు. పిల్లకాయలు ఊరికే పెద్దవారైపోతున్నారు."

ఆయన ఆపాడు. టీ ఇంకా సగం ఉంది.

"గుర్రం?" అన్నాను నేను.

"ఏ గుర్రం పాపా?"

"భూమి?"

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు. గుర్రం వెనక వైపు కూడా లేదు. "ఇది ఉత్తరమండీ. పంపించినట్టు లేదు. ఇంట్లోనే ఉండిపోయింది" అన్నాడు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. పట్టలేని నవ్వు. పంపాల్సిన ఉత్తరానికి ఇన్ని తరాలుగా హారతి ఇచ్చాం. చదువు చెప్పేవాణ్ణి పంపమని రాస్తే, ఆ కాగితం చూపించి బావను చదువు మాన్పించాం. రాసినాయన పైనుంచి చూస్తుంటే తల ఎక్కడ కొట్టుకుని ఉంటాడో. నవ్వుతూ అమ్మ మొహం చూశాను. నవ్వు ఆగిపోయింది.

అమ్మ ఏడవలేదు. "ఇంకోసారి సదవండి" అంది. ఆయన చదివాడు. "ఇంకోసారి." ఆయన గడియారం చూసుకుని మళ్ళీ చదివాడు. ఆమె పెదవులు ఆయన వెనకే కదులుతున్నాయి. అయిదో తరగతితో ఆగిన మనిషి. మూడోసారి ముగిసేసరికి ఉత్తరం మొత్తం ఆమె నోట్లోకి వచ్చేసింది.

నాకప్పుడు సిగ్గేసింది, కానీ గుర్రం లేనందుకు కాదు. మా వంశమంతా సాష్టాంగపడి తెలుసుకోలేనిది, ఒకాయన నిలబడి, సగం టీ తాగుతూ తెలుసుకున్నాడు. మా ఇంటి మాట, మా ఇంటి కాగితం, దారినపోయే మనిషి మాకు చెప్పాల్సి వచ్చింది.

*

మామకు అమ్మే చెప్పింది, వీధిలో అందరి ముందూ. మామ మొదట పెట్టె ముట్టినందుకు అరిచాడు. తరవాత ఉత్తరం సంగతి విని ఇంకా గట్టిగా అరిచాడు.

"వాడు నిజం సదివినాడని ఎట్లా తెలుసు నీకు? యాలక్కాయ కొనేదానికి వచ్చినోడు కొండనే కొనుక్కుంటాడు, చూస్తుండు!"

"వాడు అబద్ధం సదివినాడని నీకు ఎట్లా తెలుసు అన్నా?" అంది అమ్మ. "సదివి చెప్పు."

వీధి మొత్తం మామ మొహం చూసింది. మామ కాగితం మొహం చూశాడు. ఆ తరవాత ఏడాదిపాటు అమ్మతో మాట్లాడలేదు. మైల పోవాలని కాగితం మీద పసుపునీళ్ళు చల్లాడు. రెండు మాటలు చెరిగిపోయాయి.

మర్నాడు అమ్మ నన్ను స్కూలుకు లాక్కుపోయింది. లాగాల్సిన అవసరం లేదు, నడుస్తూనే ఉన్నాను, కానీ చెయ్యి వదల్లేదు. పెద్ద టీచరు కళ్ళజోడు మీదుగా చూసి, "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయింది?" అని అడిగింది. "భూములు చూసి వచ్చింది టీచర్" అంది అమ్మ. ఆ రోజు తెలిసింది నాకు, నా నోరు ఎక్కడి నుంచి వచ్చిందో.

బావ కోసం నేనే వెళ్ళాను. వాగు పక్క బండ మీద కూర్చుని నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నాడు.

"బావా, పరీక్షకు ఇంకా పది దినాలుండాయి. హాల్ టికెట్టు వచ్చిందంట. పోయి తీసుకో."

"తీసుకుంటే?"

"తీసుకుంటే పరీక్ష రాస్తావు. ఏముండాది?"

"నేను పరీక్షకు పోతే మా నాయన అబద్ధమైపోతాడు కదే. వీధిలో అందరూ ఆయన్ను చూసి నవ్వుతుండారు. నేను కూడా పోతే ఆయన పక్కన ఎవరుంటారు?"

అతను ఇంకో రాయి విసిరాడు. నేను లేచి వచ్చేశాను.

మామ ఆ కాగితాన్ని ఏ పెద్ద ఊరికీ తీసుకుపోలేదు. వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు, ఆ పై ఏడాది అన్నాడు. బావ ఆయన పక్కనే ఉన్నాడు. తరవాత కూలీలను తోటలకు చేర్చే జీపు ఎక్కాడు. ఆ ఘాట్ రోడ్డు మీద అంత బాగా నడిపేవాడు ఇంకొకడు లేడు. గవర్నమెంటు బస్సు డ్రైవర్లను తీసుకుంటున్నారని తెలిసి వెళితే, బండి నడిపించి చూసి మెచ్చుకున్నారట. పదో తరగతి పాసైన కాగితం అడిగారట. ఇంట్లో హారతి ఇచ్చే కాగితం ఉంది, వాళ్ళడిగినది లేదు. అది చెబుతూ బావ నవ్వాడు. మా ఇంట్లో నవ్వడం నా పని, అతను నవ్వితే నాకు బాగుండదు.

మా పెళ్ళిమాట ఎవరూ వద్దనకుండానే ఆగిపోయింది. నేను చదువుతూ పోయాను, అతను కొండెక్కుతూ దిగుతూ ఉన్నాడు. అతని భార్య నాకన్నా మంచిది. పైగా వంట వచ్చు.

*

ఆ ఉత్తరం మాత్రం మా ఇంట్లో బతికింది, అమ్మ నోట్లో. నేను పుస్తకం మూస్తే చాలు, వంటింట్లోంచి మొదలయ్యేది. "అయ్యవారి సముఖానకు దణ్ణములు..." పోపు వేస్తూ, బట్టలు పిండుతూ. చివర్లో గొంతు కొంచెం పెద్దదయ్యేది. "పిల్లకాయలు ఊరికే పెద్దవారైపోతున్నారు. ఆడపిల్లలను కూడా పంపుతాము. వారిని ముందు వరసలో కూర్చోబెట్టవలెను." ఆ చివరి మాటలు వింటూ నేను పన్నెండు పాసయ్యాను, కోయంబత్తూరు కాలేజీకి పోయాను.

హాస్టల్లో నా గదిలో నెల్లూరు అమ్మాయి ఉండేది. ఆమెకు తమిళ బస్సు బోర్డులు చదవడం రాదు, నాకు తెలుగు అక్షరాలు రావు. నేను బోర్డులు నేర్పాను, ఆమె అ ఆ నేర్పింది. ఆరునెలలకు ఆమె తప్పు లేకుండా బస్సు ఎక్కడం నేర్చుకుంది, నేను తప్పులతో చదవడం నేర్చుకున్నాను. ఆ మాసి నెలలో ఇంటికి వెళ్ళాను. మామ అప్పటికి మెత్తబడ్డాడు. కాగితం నా చేతికి ఇచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చదివాను. కొనుగోలుదారు చదివిన ప్రతి మాటా నిజమే. పసుపునీళ్ళకు చెరిగిన రెండు మాటలు తప్ప అన్నీ ఉన్నాయి. "ఊరికే పెద్దవారైపోతున్నారు" దగ్గర అక్షరాలు ఆగిపోయాయి. దాని కింద ఖాళీ కాగితం.

ఆడపిల్లలు లేరు. ముందు వరస లేదు.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. "మా, ఆడపిల్లల మాట అందులో లేదే."

అమ్మ తల ఎత్తలేదు. చింతపండు పిసుకుతూ, "కాయితంలో చోటు చాల్లేదేమో" అంది.

చోటు ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పున ఉంది.

*

ఇప్పుడు ఆ పెట్టె బావ ఇంట్లో ఉంది. మామా అవ్వా పోయారు. ఆదివారం పొద్దున బావ పెట్టె తెరిచాడు. వాసన అదే. అతని భార్య శొంఠి వేసిన సుక్కు కాఫీ తెచ్చింది. కూతురు గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడింది, తీర్పు చెప్పేదానిలా. పిల్ల నన్ను చిన్నమ్మా అంటుంది. వరస అదే మరి, కొంచెంలో తప్పించుకున్న తల్లిని.

"మిల్లులో ఎన్ని దినాలు ఉంటావు?" అని అడిగాను.

"కొన్ని దినాలే చిన్నమ్మా."

గోడౌనులో నా పక్కన కూర్చున్న పిల్ల గొంతు అది. కాఫీ పక్కన పెట్టాను. పిల్లకు గుర్రం కథ చెప్పాను, బావ ముందే. హాల్ టికెట్టు కథ, బస్సు ఉద్యోగం కథ కూడా. బావ నేల చూస్తూ విన్నాడు. పిల్ల మొదటిసారి తండ్రి వైపు చూసింది. "నీకు హాల్ టికెట్టు వచ్చిందా నాయనా?" అని అడిగింది. "వచ్చింది పాపా. నేనే పోలేదు" అన్నాడు బావ.

అప్పుడు కాగితం విప్పి, వేలు పెట్టి, వరస తరవాత వరస చదివాను. చెరిగిన చోట జ్ఞాపకంతో నడిచాను. "పిల్లకాయలు ఊరికే పెద్దవారైపోతున్నారు." వేలు ఆగలేదు. "ఆడపిల్లలను కూడా పంపుతాము. వారిని ముందు వరసలో కూర్చోబెట్టవలెను."

నేను బాగానే చదివాననుకున్నాను. పిల్ల ముందుకు వంగింది.

"చిన్నమ్మా, కడసీలో, ఆ ఆడపిల్లల మాట కాడ, నీ వేలు ఖాళీ కాయితం మీద ఉండింది."

"లేదే."

"ఉండింది. అక్కడ ఏమీ రాయలేదు. నువ్వే చెప్పినావు."

"రాశారో లేదో నీకెట్లా తెలుసు? నీకు సదవను రాదు కదా."

పిల్ల నన్ను చూసింది, కాగితాన్ని చూసింది. ఒక తప్పు పట్టుకున్నా నిరూపించే దారి లేనివాళ్ళ కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మామ మొహంలో చూశాను.

"నేర్పించు. నేను సదివి చెప్తా" అంది.

"పది పరీక్ష రాసేవాళ్ళకే నేర్పేది."

"అదేం రూలు?"

"సామి పెట్టె రూలు."

సోమవారం మిల్లు వేను మా వీధి చివర హారను కొట్టి, కొంచెంసేపు ఆగి, వెళ్ళిపోయిందట. నా చదువు విని ఆ పిల్ల మారిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. నన్ను అబద్ధాలకోరుగా పట్టివ్వాలని నిలిచిపోయింది. ఒక్కోసారి అది కూడా చాలు. తండ్రి హాల్ టికెట్టు సంగతి కూడా ఏమైనా పనిచేసిందేమో. ఆ మాట ఆమె చెప్పదు, బావ అడగడు.

ఫోనులో రోజుకు రెండు అక్షరాలు నేర్పుతున్నాను. ఒత్తులు వచ్చేసరికి తిట్టుకుంది. మొన్న ఆదివారం పిల్ల మా అమ్మ ఇంటికి వెళ్ళి కాగితం ఆమె ముందు పరిచిందట. అమ్మే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నన్ను కూడా విచారణకు పిలిచింది. పిల్ల కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. రెండుచోట్ల తప్పు చదివి తనే దిద్దుకుంది.

"అయిపోయింది అవ్వా" అంది పిల్ల, గెలిచిన గొంతుతో. "ఇంక ఏమీ లేదు. ఆడపిల్లల మాట లేదు. నువ్వూ చిన్నమ్మా ఇద్దరూ అబద్ధమే."

అవతల చింతపండు పిసికే చప్పుడు ఆగింది.

"ఉండాది పాపా" అంది అమ్మ. "ఇంకా కొంచం సదువుకో, కనపడతాది."